ఆక్స్‌ఫర్డు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల

పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకును ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గ్రీకు, లాటిను భాషలకును మతశాస్త్రమునకును ఉన్న గౌరవము ప్రకృతిశాస్త్రములకు లేదు. అక్కడి ఎముకలు, శిలలు, కీటకములు తలయొక చోట పడియుండెడివి. వాటినన్నింటిని ఒక కప్పు క్రిందికి చేర్చి, వాటి చెంతనే పాఠములు చెప్పవలెనని పట్టుపట్టినవారిలో ముఖ్యుడు వైద్యుడైన హెన్రీ ఆక్లండ్. 1855లో శంకుస్థాపన జరిగినది. 1860లో ప్రదర్శనశాల వెలసినది. విశ్వవిద్యాలయ ముద్రణాలయము బైబిలు ప్రతులు విక్రయించి కూడబెట్టిన మిగులు ధనము ఈ నిర్మాణమునకు అక్కరకు వచ్చినది. ఇనుప స్తంభములపై గాజు కప్పు నిలిపినారు. చుట్టునున్న నడవలలో ఒక్కొక్క స్తంభమును బ్రిటిషు దీవులలోని ఒక్కొక్క రకపు శిలతో చేయించినారు. ఓషే సోదరులను ఐర్లండు శిల్పులు నిజమైన మొక్కలను ఎదుట పెట్టుకొని స్తంభములపై ఆకులను, పూలను చెక్కినారు.

ఆ 1860 జూన్ 30వ తేదీననే డార్విను సిద్ధాంతమును గూర్చి ఆ భవనమున బిషప్ విల్బర్‌ఫోర్సునకును హక్స్‌లీకిని ప్రసిద్ధమైన వాదము జరిగినది. బైబిలు ధనముతో లేచిన గోడలే ఆ వాదమును విన్నవి. అయితే నాటి ప్రసంగముల పూర్తి పాఠము ఎవరును వ్రాసియుంచలేదు. మాటలు గాలిలో కలిసినవి.

ఎముకలు మాత్రము నిలిచినవి. మారిషస్ దీవిలో పదిహేడవ శతాబ్దిలో అంతరించిన డోడో పక్షి తలయు, పాదమును ఇక్కడ ఉన్నవి. పూర్వము ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో ఉన్న ఆ పక్షి దేహము చీకిపోగా, 1755లో దానిని తొలగించి ఈ రెండింటిని దాచినారు. మంటలో నుండి లాగినారన్న కథకు ఆధారము లేదు. డోడో చర్మము లోకమున మరెక్కడను మిగిలియుండలేదు.

ఆ దాచినది వ్యర్థము కాలేదు. 2002లో ఆ అవశేషము నుండి తీసిన డి.ఎన్.ఏ. డోడో పావురముల కుటుంబమునకు చెందినదనియు, నేడు జీవించియున్నవానిలో దానికి సమీప బంధువు మన నికోబారు దీవుల పేరు గల పావురమనియు తెలిపినది. ఈ పక్షి లండనులో ప్రదర్శింపబడి అక్కడనే మరణించినదని చిరకాలము నమ్మినారు. 2018లో తలను స్కాన్ చేయగా పుర్రెలో సీసపు గుండ్లు కనబడినవి. ఎవరో తుపాకితో కాల్చినారు.

1755లో ఆ తలను పదిలపరచినవారు ఈ ప్రశ్నలను ఊహించియుండరు. తమకు తోచని ప్రశ్నకు సైతము సాక్ష్యమును నిలిపియుంచుటయే ప్రదర్శనశాల చేయు పని. పారవేసిన దేహము ఏమి చెప్పియుండునో ఇక ఎన్నటికిని తెలియదు.