రాగిరేకుల్లో చంద్రుడు, గర్భగుడిలో సూర్యుడు

కళింగ గాంగులు భూమి దానం చేసినా, పట్టం కట్టుకున్నా ఆ రోజు గుర్తును ఆకాశం నుంచే తీసుకునేవారు. నేటి శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే వారి రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. గాంగులకు సొంత శకం ఒకటి ఉండేది. శాసనాల్లో ఆ శకపు ఏళ్లు కనిపిస్తాయి గానీ, అది క్రీస్తు శకంలో ఏ ఏట మొదలైందో వాటి నుంచి నేరుగా తెలియదు. తొలి గాంగ రాజులు గ్రహణం పట్టిన వేళ ధారపోసిన దానాలే ఇక్కడ అక్కరకొచ్చాయి. ఏ గ్రహణం ఎప్పుడు పట్టిందో వెనక్కి లెక్కకట్టవచ్చు. ఆ లెక్కలను రాగిరేకుల్లోని తిథులతో సరిచూసి, గాంగశకం 5వ శతాబ్దపు చివరి ఏళ్లలో, 498 ప్రాంతంలో మొదలైందని పండితులు తేల్చారు.

తరువాతి గాంగుల్లో ప్రసిద్ధుడు అనంతవర్మ చోడగంగదేవుడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణం ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. విశాఖపట్నం శాసనాలుగా పేరుపడ్డ ఆయన రాగిరేకుల్లో పట్టాభిషేక ముహూర్తం ఒక సంస్కృత శ్లోకంలో ఉంది. శక సంవత్సరం అంకెల్లో లేదు, మాటల్లో ఉంది: నంద, రంధ్ర, గ్రహ. నందులు తొమ్మిదిమంది, శరీరానికి రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది; వెరసి 999. ఆపై సూర్యుడు కుంభరాశిలో ఉన్నాడని, శుక్లపక్ష తదియ అని, శనివారమని, రేవతీ నక్షత్రమని, మిథున లగ్నమని వరసగా చెబుతుంది.

తొమ్మిదో తరగతి చదివే పిల్లలు కూడా కాగితం మీద ఈ ముహూర్తాన్ని పరీక్షించవచ్చు. సూర్యుడు ఏడాది పొడవునా నక్షత్రాల మధ్య తిరిగినట్టు కనిపించే దారి 360 డిగ్రీలు. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో రాశికి 30 డిగ్రీలు, ఇరవై ఏడు చేస్తే ఒక్కో నక్షత్రానికి 13 డిగ్రీల 20 నిమిషాలు వస్తాయి. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య ఎడం. చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు పోతే ఒక తిథి గడిచినట్టు. తదియ నాడు ఆ ఎడం 24 నుంచి 36 డిగ్రీల దాకా ఉంటుంది. ఆనాడు సూర్యుడు కుంభంలో చివరి భాగానికి దగ్గరగా, మేషాది నుంచి సుమారు 325వ డిగ్రీ దగ్గర ఉన్నాడు. దానికి 24 కలిపితే 349, 36 కలిపితే 361. రేవతి 346 డిగ్రీల 40 నిమిషాల దగ్గర మొదలై 360తో ముగుస్తుంది. అంటే ఆ తదియకు చంద్రుడు దాదాపు రేవతిలోనే ఉండి తీరాలి. శ్లోకం రాసిన కవి ఛందస్సు కోసం నక్షత్రాన్ని మార్చలేదన్నమాట.

శక సంవత్సరానికి 78 కలిపితే 1077 వస్తుంది. అయితే సూర్యుడు కుంభం చివర ఉన్న ఈ తదియ ఫాల్గుణంలోది; అది ఏడాదిలో చివరి నెల. కనుక రోజు 1078 ఫిబ్రవరిలోకి జరుగుతుంది. ఆనాటి జూలియన్ క్యాలెండరు ప్రకారం అది 1078 ఫిబ్రవరి 17. వారం లెక్క వేస్తే శనివారమే వస్తుంది. సూర్యుడు కుంభం చివర ఉన్నప్పుడు తూర్పున మిథునం ఉదయించేది మిట్టమధ్యాహ్నం ప్రాంతంలో. కిరీటధారణ జరిగిన పూట కూడా రాగిరేకులో దొరుకుతోంది!

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లిలో ఇదే విద్య రాతిలో కనిపిస్తుంది. సూర్యనారాయణస్వామి ఆలయాన్ని గాంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని ప్రతీతి. 18వ శతాబ్దంలో యలమంచిలి పుల్లాజీ పంతులు పునరుద్ధరించారు. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ సూర్యోదయమైన కాసేపటికి కిరణాలు అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. అయనాలు మారే వేళ ఇలా జరుగుతుందని చాలామంది అంటారు. అది సరికాదు. సూర్యుడు దిక్కు మార్చుకునేది జూన్, డిసెంబరు నెలల్లో. పంచాంగం ప్రకారమైతే కర్కాటక, మకర సంక్రాంతులకు.

అసలు కారణం విషువత్తులో ఉంది. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజులు మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో వస్తాయి. మార్చి 10 మొదటిదానికి పది రోజుల ముందు, అక్టోబరు 2 రెండోదానికి సుమారు పది రోజుల తరువాత. ఈ రెండు రోజుల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు ఇంచుమించు 4 డిగ్రీల దక్షిణాన, ఒకే చోట ఉంటాడు. తూర్పు నుంచి కాస్త ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు. ఈ కాలంలో ఉదయించే చోటు రోజుకు 0.4 డిగ్రీల చొప్పున కదులుతుంది. సూర్యబింబం వెడల్పేమో అర డిగ్రీ. రోజుకు దాదాపు తన వెడల్పంత పక్కకు జరిగే వెలుగు సన్నని దారిలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. అక్టోబరులో మబ్బులు కమ్మితే ఆ భాగ్యమూ ఉండదు.

ఈ ప్రాంతానికి దూరదర్శిని 19వ శతాబ్దంలో వచ్చింది. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న గోడె వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పాడు. 1856లో ఆయన మరణించాక ఆ పని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చేతికి వచ్చింది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిపోయాడు. నరసింగరావు దాన్ని విశాఖ నుంచి చూసి నమోదు చేశాడు. ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.