బురదకు పేరు పెట్టిన కథ

పాశర్లపూడి మంట అనగానే కోనసీమవాసులకు 1995 జనవరి 8వ తేదీ గుర్తుకు వస్తుంది. మా మామిడికుదురు మండలంలోని ఆ ఊరి ప్రాంతంలో ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న బావి ఆనాడు బ్లోఅవుట్ అయింది. విదేశీ నిపుణులు వచ్చి మార్చి 15న అదుపు చేసేవరకు, రెండు నెలలకు పైగా, ఆ అగ్నిస్తంభం ఆరలేదు. నేనప్పుడు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఆ మంటను గురించి వ్రాసినవారు పలువురు. నేను వ్రాయబోయేది బురదను గురించి.

చమురుబావి తవ్వేటప్పుడు గొట్టాలలోనికి నిరంతరం ఒక చిక్కని బురదను పంపుతారు. అది తొలిచే మొనను చల్లబరుస్తుంది, రాతిపొడిని పైకి తెస్తుంది, అన్నిటికీ మించి తన బరువుతో లోపలి వాయువును అణచి ఉంచుతుంది. ఆ బరువు కోసం కలిపేది బెరైటీస్, అంటే మన ముగ్గురాయి. రాయలసీమలోని మంగంపేట గనులు దానికి ప్రసిద్ధి. బావి పని ముగిశాక ఆ బురద, రసాయనాలతో, రాతిపొడితో సహా పక్కనున్న గుంటలో మిగులుతుంది. మంట అందరికీ కనబడుతుంది. గుంట పక్క చేనివాడికి మాత్రమే కనబడుతుంది.

వ్యర్థమంటే ప్రయోజనం లేనిదని నిఘంటువు. ప్రమాదకరమైన వ్యర్థం కూడా ఉంటుందని మన చట్టం గుర్తించడానికి భోపాల్ కావలసి వచ్చింది. 1984 డిసెంబరు నాటి ఆ ఘోరం తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. తొలుత వ్యర్థాలను 18 తరగతులుగా విభజించారు. తరువాతి సవరణలతో పరిశ్రమలవారీ పట్టిక ఏర్పడి, చమురు, సహజవాయువుల తవ్వకమూ అందులో చేరింది. 2005 ఆగస్టు 30న కేంద్రం తవ్వకపు బురదకు ప్రత్యేక నియమాలనే ప్రకటించింది. గుంటకు నీరు ఇంకని పొర పరచాలి. ఊటనీటిని పట్టే ఏర్పాటుండాలి. నిండిన గుంటను మళ్లీ పొరతో కప్పి, పైన మట్టి వేయాలి. డీజిలు కలిపిన బురద వాడరాదు. ముగ్గురాయిలో కిలోకు పాదరసం 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు మించరాదు.

ఇక నా సంగతి. 2006 వర్షాకాలంలో మా పినతండ్రి కుమారుడు వచ్చి, "అన్నయ్యా, ఒక అర్జీ వ్రాసిపెట్టు" అన్నాడు. అతని కొబ్బరితోట పక్కన ఒక సంస్థ బావి తవ్వి వెళ్లిపోయింది. గుంట పొర్లి బూడిదరంగు నీరు బోదెలోకి దిగుతోంది. ముప్పై ఏళ్లు వచ్చే అక్షరజ్ఞానంతో కలం పట్టాను. ఏమని వ్రాయాలి? "బురద నీరు తోటలోకి వస్తున్నది" అని వ్రాశాను. వానాకాలంలో బురద వచ్చిందంటే ఎవరు కదులుతారు? జవాబు రాలేదు. ఆ బురదకు చట్టంలో పేరు పెట్టి అప్పటికి ఏడాది దాటినట్లు నాకు తెలియదు. గెజిట్టు అచ్చయ్యేది హిందీలోనూ ఇంగ్లీషులోనూ గదా!

ప్రస్తుతం అమలులో ఉన్నవి 2016 నాటి నిబంధనలు. వ్యాకరణంలో ఉత్సర్గానికి అపవాదం ఉన్నట్లే వీటిలోనూ ఒకటుంది: నీటితో కలిపిన బురద నుంచి వచ్చిన రాతిపొడిని ప్రమాదకర వ్యర్థంగా లెక్కించరు. కనుక గుంటలో ఉన్నది ఏ బురద అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న అడిగితే ఫలితం ఉండకపోదు. కోనసీమ కాలుష్యంపై దాఖలైన పిటిషనులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఓ.ఎన్.జి.సి.ని 22 కోట్ల రూపాయలకు పైగా పరిహారం చెల్లించమని ఆదేశించింది.

మీ ఊరి చేల పక్కన ఇటువంటి గుంట ఉంటే, అర్జీలో బురద అని ఊరుకోకండి. తవ్వకపు వ్యర్థం అని వ్రాయండి. గుంటకు పొర ఉన్నదా, ఊటనీరు ఎటు పోతున్నది, బురద దేనితో కలిపినది అని కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. ఆనాడు నేను వ్రాయవలసినది అదే.