మిద్దెలో దొరికిన మూట

పాత మిద్దె కొని గోడ పడగొడుతుంటే గూట్లో డబ్బుకుండ బయటపడిందనుకుందాం. అది ఎవరిది?

దీనికి 1878లోనే ట్రెజర్ ట్రోవ్ చట్టం వచ్చింది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలి. నూరేళ్లలోపు దాచినదని సొంతదారో వారసులో రుజువు చేస్తే సొమ్ము వాళ్లదే. ఎవరూ తేలకపోతే దొరికినవాడికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక. ఇద్దరూ ఒకరే అయితే మొత్తం. దాచిపెడితే మాత్రం వాటా పోతుంది, జైలో జరిమానానో రెండూనో పడొచ్చు.

ఇది న్యాయమైన పద్ధతి. ఇల్లు కొన్నవాడు గోడలకే డబ్బిచ్చాడు, ఇంకొకరు కూడబెట్టిన సొమ్ముకు కాదు.

2021 మేలో తిరుపతిలో ఇలాంటిదే జరిగింది. తిరుమలలో భక్తుల దగ్గర చేయి చాచి బతికిన ఒకాయన వారసులు లేకుండా పోయాడు. ఆయనకు తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన ఇంటిని వెనక్కి తీసుకుందామని అధికారులు తలుపు తీస్తే ట్రంకుపెట్టెల్లో లక్షల రూపాయలు కనిపించాయి. వాటిలో 2016 నవంబరు 8న రద్దయిన నోట్లూ ఉన్నాయి. పాపం, ఆయన వాటిని మార్చుకోనేలేదు.