పన్నెండుకు ముందు, పన్నెండు తరువాత: ఏ.ఎం., పి.ఎం.ల కథ

మూడో తరగతి చదివే పిల్లవాణ్ణి ఒక ప్రశ్న అడిగి చూడండి. "ఏ.ఎం. అంటే ఏమిటి?" అంటే "పొద్దున" అని, "పి.ఎం. అంటే?" అంటే "రాత్రి" అని వెంటనే చెబుతాడు. ఇప్పుడు "రాత్రి ఒంటిగంట ఏ.ఎం.? పి.ఎం.?" అని అడగండి. "పి.ఎం." అంటాడు. మనం తప్పు అంటాం. కాని అతను నేర్చుకున్న సూత్రం ప్రకారం ఆ జవాబు సరైనదే! లోపం పిల్లవాడి తెలివిలో లేదు, మనం చెప్పిన సూత్రంలోనే ఉంది. ఆ సూత్రం ఎక్కడ దారి తప్పిందో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

మాటల్లోనే ఉన్న సూర్యుడు

ఏ.ఎం., పి.ఎం. అనేవి రెండు లాటిన్ పదబంధాలకు పొడి అక్షరాలు. 'ఆంటే మెరీడియెం' అంటే మధ్యాహ్నానికి ముందు, 'పోస్ట్ మెరీడియెం' అంటే మధ్యాహ్నం తరువాత. ఈ అర్థంలో పొద్దునా లేదు, రాత్రీ లేదు. సూర్యుడు మన మధ్యాహ్నరేఖను దాటాడా, లేదా? ఉన్నది ఈ ఒక్క ప్రశ్నే. మన సంస్కృత పదాలు పూర్వాహ్ణం, అపరాహ్ణం కూడా పగటిని ఇలాగే రెండుగా విడదీస్తాయి. అయితే అవి పగటితోనే ఆగిపోతాయి. ఏ.ఎం., పి.ఎం.లు రాత్రిని కూడా నడిమికి చీల్చి ఒక సగాన్ని ముందు రోజుకు, మరో సగాన్ని తరువాతి రోజుకు ఇస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

పన్నెండు అనే అంకె ఎక్కడిది? పగటిని పన్నెండు భాగాలుగా, రాత్రిని పన్నెండు భాగాలుగా విభజించినవారు ప్రాచీన ఈజిప్టు వాసులు. క్రీ.పూ. 1500 నాటికే వారి వద్ద నీడ గడియారాలు ఉన్నాయి. అప్పట్లో గంట నిడివి ఋతువును బట్టి మారేది. 14వ శతాబ్దంలో ఐరోపాలో యంత్ర గడియారాలు వచ్చాక గంటలన్నీ సమానమయ్యాయి. ఇటలీలో కొన్ని గడియారాలు ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా గంటలు కొట్టేవి. లెక్క వేసి చూడండి: రోజుకు 300 దెబ్బలు! పన్నెండేసి చొప్పున రెండుసార్లు కొడితే 156 చాలు. లెక్క పెట్టుకునేవారికీ, యంత్రానికీ శ్రమ తగ్గుతుంది. పన్నెండు గంటల ముఖం నిలిచిపోవడానికి ఇదొక కారణం. కాని అలా నిలిచినందువల్ల ప్రతి అంకె రోజుకు రెండుసార్లు వస్తుంది. అందుకే ముందా, వెనకా అని చెప్పక తప్పదు.

బాబరు గమనించిన చిక్కు

మన దేశంలో లెక్క వేరుగా ఉండేది. రాత్రింబవళ్ళు కలిపి 60 గడియలు. గడియకు 24 నిమిషాలు. పగటికి నాలుగు జాములు, రాత్రికి నాలుగు జాములు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గడియ కుడుకను నీటిలో వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ అయ్యేది. వెంటనే కంచు పళ్ళెం మీద దెబ్బ కొట్టేవారు. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అయితే ఖగోళ గణితంలో అర్ధరాత్రి నుంచి లెక్కించే పద్ధతి కూడా మనకు కొత్త కాదు. ఆర్యభటుడు ఈ రెండు పద్ధతులూ వాడాడు.

1526లో హిందుస్థానానికి వచ్చిన బాబరు తన ఆత్మకథలో ఈ గడియల పద్ధతిని వర్ణించాడు. ఆయన ఒక ఇబ్బందిని కనిపెట్టాడు. రాత్రి నిద్రలో మెలకువ వచ్చినవారికి మూడో నాలుగో దెబ్బలు వినిపిస్తే, అవి రెండో జాము గడియలా, మూడో జాము గడియలా అన్నది తెలిసేది కాదు. అందువల్ల గడియల దెబ్బలు కొట్టిన తరువాత, అది ఎన్నో జామో తెలిపే దెబ్బలు కూడా కొట్టాలని ఆజ్ఞాపించాడు. ఈనాడు మనం 3 పక్కన ఏ.ఎం. అని రాస్తున్నదీ ఇందుకే కదా!

రైలు తెచ్చిన మార్పు

రైళ్ళు వచ్చాక పొరపాటుకు మూల్యం పెరిగింది. 1876లో కెనడా ఇంజనీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ ఐర్లండ్‌లోని ఒక చిన్న స్టేషన్‌లో రైలు కోసం ఎదురు చూశాడు. టైమ్‌టేబుల్‌లో 5.35 పి.ఎం. అని ఉంది. నిజానికి ఆ రైలు 5.35 ఏ.ఎం.ది. ఒక్క అక్షరం అచ్చుతప్పు వల్ల ఆయన రాత్రంతా అక్కడే గడపవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన 24 గంటల లెక్క కోసం, ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక కాలం కోసం పట్టుదలగా ప్రచారం చేశాడు. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సార్వత్రిక దినం అర్ధరాత్రితో మొదలై 0 నుంచి 24 గంటల వరకు సాగాలని తీర్మానించింది.

మన దేశంలో 1792లో నెలకొన్న మద్రాసు నక్షత్రశాల కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుండేది. చాలాకాలం రైళ్ళు ఆ కాలాన్నే పాటించాయి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత నక్షత్రశాల నెలకొల్పారు. డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండా కర్ర నిలిపి ఊరివారికి కాల సంకేతం అందేలా చేశారు. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది.

నీడ చెప్పే పాఠం

ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గర నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా దిగి, మన కాకినాడ సమీపంలో సముద్రాన్ని చేరుతుంది. రాయపూర్‌కు తూర్పున ఉన్న మందిర్ హసౌద్ ఈ రేఖకు డిగ్రీలో మూడు వంతులు కూడా పడమరగా లేదు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గంలో ఇదొక స్టేషన్. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 3 నిమిషాలకు. అంటే గడియారం పన్నెండు, సూర్యుడి పన్నెండు దాదాపు ఒకటే. హైదరాబాదులో ఈ తేడా 16 నిమిషాలు. గుజరాత్‌లోని ద్వారకలో 54 నిమిషాలు! భూమి కక్ష్య వృత్తం కాకపోవడం వల్లా, అక్షం వంగి ఉండడం వల్లా ఏడాది పొడుగునా మరికొంత హెచ్చుతగ్గు ఉంటుంది. మందిర్ హసౌద్‌లో నవంబరు మొదట్లో 11.47కే మధ్యాహ్నమైతే, ఫిబ్రవరి మధ్యలో 12.17 దాకా కాదు.

కనుక ఆ ఊరి బడి పిల్లలకు ఏ.ఎం., పి.ఎం.లు నేర్పడానికి ఒక కర్ర చాలు. మీరూ చేసి చూడండి. చదునైన నేలలో 30 సెం.మీ. కర్రను నిట్టనిలువుగా పాతండి. 11.15 నుంచి 12.45 వరకు పది నిమిషాలకోసారి నీడ కొనను సున్నంతో గుర్తించండి. నీడ పొట్టిదవుతూ వచ్చి, ఒకచోట అతి పొట్టిదై, మళ్ళీ పొడుగవుతుంది. నీడ పడమటి వైపు ఉన్నంతసేపు ఏ.ఎం., తూర్పు వైపుకు తిరిగాక పి.ఎం. మే చివరి వారంలో, మళ్ళీ జూలై మధ్యలో మందిర్ హసౌద్‌లో ఆ క్షణాన నిలువు కర్రకు నీడే ఉండదు. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడనివ్వకండి.

పగటి పాఠం ఇంతే. రాత్రి మాట? పిల్లలు మాటలతో ఆలోచిస్తారు. తెల్లవారుజాము, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని మనకు ఉన్నట్లే, ఛత్తీస్‌గఢీలో బిహనియా, మంఝనియా, సంఝా, రతిహా అనే మాటలున్నాయి. ఈ మాటలను తీసేసి రెండు పొడి అక్షరాలు పెట్టకండి. వాటి మీదే కట్టండి. గోడ మీద పొడవాటి దారం కట్టి, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు 24 ముడులు వేసి, పిల్లల చేతనే ఏ పని ఎక్కడ వస్తుందో తగిలించమనండి. రాత్రి అనే మాట దారం రెండు కొసల్లోనూ ఉన్నదని వాళ్ళే కనిపెడతారు.

చివరగా ఒక చిక్కు ప్రశ్న. సరిగ్గా పన్నెండు గంటలు ఏ.ఎం.? పి.ఎం.? మధ్యాహ్నం అనేది మధ్యాహ్నానికి ముందూ కాదు, తరువాతా కాదు. పగటి పన్నెండును పి.ఎం. అని, అర్ధరాత్రిని ఏ.ఎం. అని అనడం కేవలం ఒప్పందం. పిల్లలు ఇక్కడ తికమకపడితే కోప్పడకండి. 'పగలు 12', 'అర్ధరాత్రి 12' అని రాయడమే మేలు.

ఇదంతా పరీక్షలో మార్కుల కోసం మాత్రమే కాదు. రైలు టిక్కెట్టు మీద సోమవారం 00.15 అని ఉంటే, మన వాడుకలో అది ఆదివారం రాత్రి. సోమవారం రాత్రి స్టేషన్‌కు వెళ్ళినవారికి రైలు ఒక రోజు ముందే వెళ్ళిపోయి ఉంటుంది. ఇరవై నాలుగు ముడుల దారాన్ని ఒకసారి చేత్తో తడిమిన పిల్లవాడు పెద్దయ్యాక ఆ పొరపాటు చేయడు.