మన మొహం, మన ఫొటో: న్యూ ఆర్లియన్స్ జేవియర్ కాలేజీ కథ



మా కాలేజీ వార్షిక సంచిక పని నా నెత్తిన పడి మూడేళ్లయింది. ఈసారి ఫొటోగ్రఫీ క్లబ్ పిల్లలు ఫైనలియర్ వాళ్ల ఫొటోలన్నీ ఫోన్ యాప్‌లో పెట్టి "నీట్‌గా" చేసి ఇచ్చారు. ప్రూఫు చూసి ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. "సార్, ఇది నేను కాదు. మా అమ్మ కూడా గుర్తుపట్టదు" అంది. మంచి నలుపు ఆ పిల్ల. పేజీలో మాత్రం గోధుమరంగులో ఉంది. క్లబ్ వాళ్లు కుళ్లుతో చేయలేదు, బాగుండాలనే చేశారు. "బాగుండటం" అంటే తెల్లగా ఉండటమేనని వాళ్లకు ఎవరూ విడిగా నేర్పనక్కర్లేకపోయింది. అందుకే ఈ వారం ఒక కాలేజీ చరిత్ర చెప్పాలనుకున్నాను.

అమెరికాలో లూసియానా రాష్ట్రం, న్యూ ఆర్లియన్స్ నగరం. అక్కడి జేవియర్ యూనివర్సిటీ ఆ దేశంలో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన ఒకే ఒక్క కాథలిక్ యూనివర్సిటీ. ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద బ్యాంకరు కూతురు కేథరిన్ డ్రెక్సెల్ 1891లో సన్యాసినుల సభ పెట్టి, తండ్రి ఆస్తి మీద తన వాటాగా వచ్చే డబ్బును నల్లవాళ్ల, ఆదివాసుల బడులకు ఖర్చుపెట్టింది. జేవియర్ 1915లో హైస్కూలుగా మొదలై 1925లో కాలేజీ అయింది. 1927లో ఫార్మసీ కోర్సు వచ్చింది. 2000లో డ్రెక్సెల్‌ను పోప్ పునీతురాలిగా ప్రకటించారు.

అదే ఊళ్లో జెస్యూట్ల లయోలా యూనివర్సిటీ ఉండగా వేరే కాలేజీ ఎందుకు? లయోలా నల్లవాళ్లను చేర్చుకునేది కాదు కనక. జేవియర్‌లో చదివిన నార్మన్ ఫ్రాన్సిస్‌కు అక్కడి లా కాలేజీ తలుపు తెరుచుకునేసరికి 1952 వచ్చింది. నల్లపిల్లలకు చదువు చెప్పిన డ్రెక్సెల్ సభ కూడా నల్ల యువతులను సన్యాసినులుగా తీసుకోకుండా దశాబ్దాలు గడిపింది. ఒకే ప్రార్థన చేస్తూ వేర్వేరు సమాధుల తోటల్లో పడుకునే మన క్రైస్తవుల సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఫొటోల సంగతికి వద్దాం. ఆ రోజుల్లో దక్షిణాది తెల్లవాళ్ల పత్రికల్లో నల్లమనిషి కనబడేది ఎక్కువగా నేరాల వార్తల్లోనే. పేరు ముందు "మిస్టర్" గానీ "మిసెస్" గానీ పెట్టేవాళ్లు కాదు. పోస్టుకార్డుల మీదా సబ్బుల ప్రకటనల్లోనూ మందపు పెదాల వెక్కిరింపు బొమ్మలు ఉండేవి. అలాంటి ఊళ్లో ఆర్థర్ బెడూ (1882–1966) అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ సొంతంగా పని నేర్చుకుని స్టూడియో పెట్టాడు. బుకర్ టి. వాషింగ్టన్ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తుంటే ఆయన వెంట కెమెరా పట్టుకుని తిరిగింది ఇతనే. జేవియర్‌లో పట్టాలు తీసుకునేవాళ్లను, ఆటల జట్లను, ఉత్సవాలను ఏళ్ల తరబడి ఫొటోలు తీశాడు.

దీని వెనక ఒక సంప్రదాయం ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ కావాలనే పదేపదే ఫొటోలు తీయించుకున్నాడు. ఇప్పటికి దొరికినవే సుమారు 160. నవ్వులబొమ్మల్లో తమను చూపించినట్టు కనబడకూడదని నవ్వకుండా, సూటిగా చూసేవాడు. 1900లో పారిస్ ప్రదర్శనకు డుబాయిస్ జార్జియా నల్లవాళ్ల ఫొటోల ఆల్బమ్‌లు తీసుకెళ్లాడు. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే.

అమెరికన్ ఇయర్‌బుక్ పద్ధతి మనకు మామూలుగా అనిపిస్తుంది. ఒక్కో విద్యార్థికి ఒకే కొలత గడి, అక్షరక్రమం, కింద పేరు, చదువు. తర్వాత క్లబ్బులు, జట్లు. చివర ఊళ్లో దుకాణాల ప్రకటనలు. అచ్చు ఖర్చులో కొంత వాటి నుంచే వస్తుంది. ఏ ఫొటో ఉండాలో, ఏది కత్తిరించాలో తేల్చేది విద్యార్థి సంపాదకులు. వెక్కిరింపు బొమ్మలకు అలవాటుపడిన సమాజంలో పేరుతో, పట్టాతో, సమానమైన గడిలో నల్ల మొహం అచ్చవడం చిన్న విషయం కాదు.

అయితే కెమెరా కూడా కులం పాటించింది. రంగుల ఫిల్మ్ వచ్చాక ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన కార్డు మీద తెల్లమ్మాయి బొమ్మ ఉండేది. దాన్ని "షర్లీ కార్డు" అనేవాళ్లు. ఆమె చర్మం సరిగ్గా వస్తే అంతా సరిగ్గా వచ్చినట్టే. నల్ల, తెల్ల పిల్లలు కలిసి కూర్చున్న స్కూలు ఫొటోల్లో నల్లపిల్లల మొహాలు చీకటైపోయి కళ్లూ పళ్లే మిగిలేవి. తల్లులు గొడవ చేశారు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ రాసినదాన్ని బట్టి, కంపెనీ గట్టిగా కదిలింది మాత్రం చాక్లెట్ల రంగూ చెక్క సామాన్ల రంగూ సరిగా రావట్లేదని ఆ వ్యాపారులు అడిగాకే. ఇప్పుడు మన ఫోన్లలో "బ్యూటీ" బటన్ ఆ కార్డుకు మనవరాలు.

మా నాయనమ్మకు బతికినన్నాళ్లూ ఒకే ఒక్క ఫొటో, రేషన్ కార్డుది. అందులోనూ మొహం తెలియదు. ఆమె ఎలా ఉండేదో నా కూతురికి చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

అందుకే క్లబ్ పిల్లలతో కూర్చున్నాను. తెల్ల చొక్కాకు వెలుతురు కొలిస్తే నల్ల మొహం చీకటవుతుందనీ, మొహానికే కొలవాలనీ చెప్పుకున్నాం. పొద్దున వరండా నీడలో అందరికీ మళ్లీ తీశారు. ఇంటిపేర్లు ముందు రాకుండా పేర్ల క్రమంలో పెట్టారు. ఆ అమ్మాయి తన ఫొటో తనే ఎంచుకుంది. కమిటీలో ఒకరు "కాస్త డల్‌గా ఉంది" అన్నారు. అలాగే అచ్చుకు పంపుతున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కాలేజీ సంచిక ఒకసారి తిరగేయండి. కుర్చీల్లో ఎవరున్నారు, ఎవరి పేరు దగ్గర "తదితరులు" అని ఉందో చూడండి. ఇంట్లో పాత ఫొటో ఒక్కటి ఉన్నా, అమ్మనో తాతనో అడిగి వెనక పేర్లూ సంవత్సరమూ రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్లు ఉండగానే ఆ పని చేయండి.

వచ్చే వారం మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ల గ్రూపు ఫొటోల గురించి. జై భీమ్.