మూడు సెంట్ల మేయరు

అమెరికా రాజకీయ చరిత్ర అనగానే మన దృష్టి అధ్యక్షుల దగ్గరే ఆగిపోతుంది. నాకు మాత్రం ఊళ్ళ పెత్తనాల చరిత్రే ఎక్కువ రుచిస్తుంది. ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి 1901 నుంచి 1909 దాకా మేయరుగా ఉన్న టామ్ జాన్సన్ గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జాన్సన్ 1854లో కెంటకీలో పుట్టాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన నిలిచిన తండ్రి ఆస్తి అంతా పోగొట్టుకున్నాడు. 1865లో ఆ కుటుంబం వర్జీనియాలోని స్టాంటన్ అనే ఊళ్ళో తలదాచుకున్నది. పదకొండేళ్ళ జాన్సన్ అక్కడికి వచ్చే రైలు కండక్టరును మచ్చిక చేసుకున్నాడు. ఈ కుర్రవాడి పత్రికలు తప్ప ఇంకెవరివీ ఆయన రైల్లో తీసుకురాడు. పోటీ లేదు కనుక కుర్రవాడు చెప్పిందే ధర. అయిదు వారాల్లో 88 డాలర్లు, అన్నీ వెండి నాణేలే. కండక్టరు మారాడు, వ్యాపారం ముగిసింది. గుత్తాధిపత్యపు రుచి తనకు అప్పుడే తెలిసిందని ఆత్మకథలో ఏ దాపరికమూ లేకుండా చెప్పుకున్నాడు.

ఆ పాఠంతోనే ధనవంతుడయ్యాడు. లూయివిల్ ట్రాము కంపెనీలో చేరి, ప్రయాణికులు వేసిన నాణేలు అద్దంలోంచి కనిపించే డబ్బుపెట్టెను తయారుచేశాడు. తరువాత ఇండియానాపొలిస్‌లోనూ క్లీవ్‌లాండ్‌లోనూ ట్రాముల యజమాని, ఆపైన ఉక్కు పట్టాల ఉత్పత్తిదారు.

ఇంతలో ఒక రైలు ప్రయాణంలో హెన్రీ జార్జ్ రాసిన 'సోషల్ ప్రాబ్లమ్స్' చేతికి వచ్చింది. పేరు చూసి వ్యభిచారం మీద రాసిన పుస్తకమనుకుని మొదట వద్దన్నాడట! చదివాక నిద్ర పట్టలేదు. జార్జ్ వాదంలో తప్పెక్కడుందో పట్టుకోమని తన వకీలునే పురమాయించాడు. ఆ వకీలు కూడా చివరికి ఒప్పుకోక తప్పలేదు. సమాజం పెంచిన భూమి విలువ సమాజానికే చెందాలన్నది జార్జ్ సిద్ధాంతం. 1891 నుంచి 1895 దాకా కాంగ్రెస్ సభ్యుడుగా ఉన్న కాలంలో జాన్సన్, తన వ్యాపారాన్ని కాపాడుతున్న ఉక్కు పట్టాల దిగుమతి సుంకాన్నే తీసేయమని వాదించాడు.

1901లో మేయరయ్యాడు. సరస్సు ఒడ్డున ఉన్న విలువైన నగర భూమి రైలు కంపెనీల పరం కాకుండా ఆయన తెచ్చిన కోర్టు ఉత్తర్వు గడువు తీరబోతున్నది. ఆ గడువు తీరకముందే ప్రమాణస్వీకారం చేసి కుర్చీలో కూర్చున్నాడు. సర్కస్ డేరాలో సభలు పెట్టి, ఎదుటి పక్షంవారినే ప్రశ్నలడగమని పిలిచేవాడు. పార్కుల్లో గడ్డి తొక్కరాదన్న పలకలు పీకించాడు.

అసలు పోరు ట్రాము చార్జీ మీద. అయిదు సెంట్లున్న టిక్కెట్టును మూడుకు దించాలన్నాడు. వీధులు ప్రజలవి, వాటి మీద పట్టాలు వేసుకునే హక్కు నగరసభ ఇచ్చినది, ఆ హక్కు విలువంతా కంపెనీ జేబులోకి ఎందుకు పోవాలన్నది ఆయన ప్రశ్న. మొదట్లో ఎదుట నిలిచినవారిలో సెనేటర్ మార్క్ హానా ప్రముఖుడు. కోర్టుల నుంచి నిలుపుదల ఉత్తర్వులు వరుసగా వచ్చాయి. ఏడేళ్ళు పట్టింది. 1908 ఏప్రిల్‌లో ట్రాములు లాభాపేక్ష లేని కొత్త కంపెనీ చేతికి వచ్చి, మూడు సెంట్ల బండి కదిలింది.

ఇక్కడే నాకు జాన్సన్ మీద కోపం వస్తుంది. మే నెలలో కార్మికులు సమ్మె చేశారు. మరోపక్క దారులు మార్చి, బండ్లు తగ్గించి, కొత్త కంపెనీ ప్రయాణికులను విసిగించింది. కంపెనీల ఎత్తులన్నీ కనిపెట్టినవాడికి, చలిలో ట్రాము కోసం నిలబడ్డ మనిషి విసుగు కనిపించలేదు. అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 605 ఓట్ల తేడాతో ఆ ఏర్పాటు కూలిపోయింది. డేరాలో జనాన్నే న్యాయమూర్తులుగా కూర్చోబెట్టినవాడికి ఆ జనమే ఇచ్చిన తీర్పు అది. 1909 ఎన్నికల్లో మేయరు పదవీ పోయింది. అప్పటికే ఆస్తి, ఆరోగ్యం రెండూ క్షీణించాయి.

పదవి దిగిన కొద్ది నెలలకే, 1910లో, న్యాయాధిపతి టేలర్ కుదిర్చిన ఒప్పందానికి ఓటర్లు ఆమోదం తెలిపారు. కంపెనీకి పెట్టుబడి మీద ఆరు శాతం, నగరానికి అజమాయిషీ. చార్జీ మూడు సెంట్ల దగ్గరే మొదలైంది. జాన్సన్ 1911 ఏప్రిల్ 10న కన్నుమూశాడు. బ్రూక్లిన్‌లో హెన్రీ జార్జ్ సమాధి దగ్గరే ఆయననూ ఖననం చేశారు. క్లీవ్‌లాండ్ నడిబొడ్డున ఆయన విగ్రహం ఉంది. కుర్చీలో కూర్చున్న ఆ కంచు మనిషి చేతిలో ఉన్నది జార్జ్ పుస్తకం, 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ'.