అలాస్కా ఇన్‌సైడ్ పాసేజ్‌లో కుటుంబ తీర విహారాలు

ఆగ్నేయ అలాస్కా తీరం వెంబడి, అలెగ్జాండర్ ద్వీపసమూహంలోని వెయ్యికి పైగా దీవుల నడుమ సాగే ఓడదారి ఇన్‌సైడ్ పాసేజ్. ఈ దారిన తిరిగే క్రూయిజ్ ఓడలు కెచికాన్, జూనో, స్కాగ్వే, సిట్కా, హూనా వంటి రేవుల్లో కొన్ని గంటలపాటు ఆగుతాయి. ఆ వ్యవధిలో ప్రయాణికులు ఒడ్డుకు దిగి చేసొచ్చే చిన్న యాత్రలే తీర విహారాలు. ఓడ సిబ్బంది, స్థానికులు కూడా వీటిని ఎక్స్‌కర్షన్లనే అంటారు. ఏప్రిల్ చివర్లో మొదలై అక్టోబరు దాకా సాగే ఈ సీజన్‌లో కుటుంబాల రద్దీ బడి సెలవులున్న జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఎక్కువ.

చుట్టూ ఉన్న నేలలో అత్యధిక భాగం టాంగస్ జాతీయ అరణ్యానిది. 1907లో ఏర్పడి, దాదాపు 1.67 కోట్ల ఎకరాల్లో విస్తరించిన ఈ అడవి అమెరికా జాతీయ అరణ్యాలన్నిటిలోకీ పెద్దది. ఇక్కడ రోడ్లు చాలావరకు ఊరి పొలిమేర దాటగానే ఆగిపోతాయి. రాష్ట్ర రాజధాని జూనోకు సైతం బయటి నుంచి రోడ్డు లేదు; విమానంలోనో ఓడలోనో రావాలి. అందుకే ఓడపై నుంచి కనిపించే అడవి ఎంత విశాలమైనదైనా, పిల్లలు కాలు మోపగలిగేది అందులో చాలా చిన్న ముక్క. ఆ ముక్కను ఎలా ఎంచుకున్నామన్న దాన్నిబట్టే యాత్ర ఎలా సాగిందన్నది చాలావరకు తేలుతుంది.

ఆరంభం

ఈ తీరానికి విహారయాత్రికుల రాక ఎప్పుడు మొదలైందన్న విషయంలో రచయితలు ఏకాభిప్రాయానికి రాలేదు. కొందరు 1879ని లెక్కలోకి తీసుకుంటారు. ఆ ఏడాది ప్రకృతి శాస్త్రవేత్త జాన్ మ్యూర్, మతప్రచారకుడు హాల్ యంగ్‌తోనూ ఈ తీరపు ఆదివాసులైన ట్లింగిట్ తెడ్డుగాళ్లతోనూ కలిసి పడవలో గ్లేసియర్ బే చేరుకున్నాడు. అయితే అది అన్వేషణ కిందికి వస్తుందే తప్ప విహారం కిందికి రాదు. 1883లో కెప్టెన్ జేమ్స్ కారల్ ‘ఐడహో’ అనే ఆవిరి ఓడను అక్కడి మ్యూర్ హిమానీనదం ముందుకు తీసుకెళ్లిన ప్రయాణాన్ని ఆరంభంగా తీసుకోవడమే సబబు. టిక్కెట్టు కొనుక్కున్న ప్రయాణికులు ఆ ఓడలో ఉన్నారు. వారిలో ఒకరైన ఎలైజా సిడ్‌మోర్ 1885లో వెలువరించిన పుస్తకం వల్లే ఆ ప్రయాణం గురించి ఇంత వివరంగా తెలుస్తోంది. తర్వాతి ఏళ్లలో హిమానీనదం దగ్గరికి నడిచి వెళ్లేందుకు చెక్క బాట కూడా వేశారు. 1899 సెప్టెంబరులో వచ్చిన భారీ భూకంపంతో మ్యూర్ హిమానీనదం ముందు భాగం విరిగిపడి, అఖాతమంతా మంచుగడ్డలతో నిండిపోయింది. ఓడలు దగ్గరికి రాలేకపోయాయి. ఆ విహారం అక్కడితో ఆగిపోయింది.

భూకంపానికి కొద్ది నెలల ముందు, అదే ఏడాది వేసవిలో వచ్చిన హారిమన్ యాత్రను చాలామంది శాస్త్రయాత్రగానే పరిచయం చేస్తారు. అది నిజమే, మ్యూర్‌తో సహా అప్పటి పేరున్న శాస్త్రవేత్తలు ఎందరో ఆ ఓడలో ఉన్నారు. కానీ రైల్వే సంపన్నుడు ఎడ్వర్డ్ హారిమన్ వైద్యుడి సలహా మీద విశ్రాంతి కోసం బయలుదేరాడు, భార్యనూ అయిదుగురు పిల్లలనూ వెంట తెచ్చుకున్నాడు. పిల్లల్లో ఒకడైన ఏవరెల్‌కు అప్పుడు ఏడేళ్లు. తర్వాత న్యూయార్క్ గవర్నరు అయ్యాడు. ‘జార్జ్ డబ్ల్యూ. ఎల్డర్’ అనే ఆ ఓడ మే 31న సియాటిల్ నుంచి బయలుదేరి జులై చివర్లో తిరిగొచ్చింది. తిరుగుదారిలో కేప్ ఫాక్స్ దగ్గరి ట్లింగిట్ గ్రామంలో దిగి, జనం లేరన్న కారణంతో అక్కడి టోటెమ్ స్తంభాలనూ ఇతర వస్తువులనూ ఓడకెక్కించారు. వేర్వేరు మ్యూజియంలకు చేరిన ఆ వస్తువులు 2001లో గాని ఆ గ్రామపు వంశాల వారికి తిరిగి అందలేదు. తీర విహారాల చరిత్రలో ఈ ఘట్టాన్ని దాటవేయడం తగదు. ఈనాడు ట్లింగిట్ సంస్థలే విహారాలు నడుపుతున్నాయంటే, దాని వెనుక ఇలాంటి అనుభవాలు కూడా ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద క్రూయిజ్ ఓడల రాక 1970ల నుంచి జోరందుకుంది. పిల్లల వినోదానికి పేరున్న డిస్నీ సంస్థ 2011లో ఈ దారిలోకి తన ఓడను పంపింది.

జూనో

కుటుంబాలతో వచ్చినవారికి ఎక్కువ వీలున్న రేవు ఇదే. ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మెండెన్‌హాల్ హిమానీనదం ఉంది. దాని ఎదుట 1962లో తెరిచిన సందర్శక కేంద్రం అమెరికా అటవీశాఖ నిర్మించిన వాటిలో మొదటిది. కట్టిన నాటికీ ఇప్పటికీ మధ్య హిమానీనదం చాలా వెనక్కి జరిగింది. ఏళ్ల తేడాతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే పదేళ్ల పిల్లలకు కూడా సంగతి అర్థమవుతుంది. అక్కడి నుంచి నగెట్ జలపాతానికి రానూపోనూ దాదాపు మూడు కిలోమీటర్లు. బాట చదునుగా ఉంటుంది. జలపాతం ఎత్తు 377 అడుగులు.

అదే ఆవరణలో ఉన్న స్టీప్ క్రీక్ అనే వాగుకు ప్రచార పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకు మించి చోటు దక్కదు. చిన్నపిల్లలకు మాత్రం హిమానీనదం కన్నా ఈ వాగే బాగా పట్టుకుంటుంది. జులై మధ్య నుంచి సాకై జాతి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వాగులోకి వస్తాయి. సముద్రంలో వెండిరంగులో ఉండే చేప ఇక్కడికి వచ్చేసరికి ఒళ్లంతా ఎర్రబడి, తల ఆకుపచ్చగా మారుతుంది. గుడ్లు పెట్టిన తర్వాత చచ్చిపోతుంది. వాటిని తినడానికి నల్ల ఎలుగుబంట్లు వస్తాయి. ఒక్కోసారి పిల్లలతో వచ్చిన తల్లి ఎలుగు చెక్క వంతెన కిందుగానే నడిచి వెళుతుంది. ఎలుగులు మిగిల్చిన చేపల అవశేషాల నుంచి నత్రజని వాగు ఒడ్డునున్న చెట్లకు అందుతుందని శాస్త్రవేత్తలు నిరూపించారు. సముద్రం, చేప, ఎలుగు, చెట్టు, ఈ నాలుగింటి సంబంధాన్ని ఒకచోట నిలబడి గంటలో చూడగలిగే తావులు ప్రపంచంలో ఎక్కువ లేవు. ఎలుగులు ఉన్న రోజుల్లో తినే వస్తువులు వెంట తీసుకెళ్లకూడదన్న నియమాన్ని పెద్దలు తప్పనిసరిగా పాటించాలి.

తిమింగలాల విహారం జూనోలో మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. శీతకాలం హవాయి దగ్గర గడిపిన హంప్‌బ్యాక్ తిమింగలాలు వేసవంతా ఇక్కడి చల్లని నీళ్లలో మేత మేస్తాయి. కొన్ని జట్టుగా నీటి అడుగు నుంచి గాలిబుడగల వల అల్లి, చేపల గుంపును అందులో బంధించి ఒక్కసారిగా నోళ్లు తెరుచుకుని పైకి లేస్తాయి. ఇది ప్రతి విహారంలోనూ కనిపించదు. పడవలు తిమింగలానికి 100 గజాల దూరంలో ఉండాలని 2001 నుంచి సమాఖ్య నిబంధన ఉంది. ఈ పడవలు దీవుల చాటునే తిరుగుతాయి కాబట్టి బయటి సముద్రంలో ఉన్నంత ఊపు ఉండదు. కడుపులో తిప్పే పిల్లలకు ఇది కొంత ఊరట. మూసి ఉన్న వెచ్చని గది, మరుగుదొడ్డి ఉన్న పడవనే ఎంచుకోవాలి. వేగంగా దూకే చిన్న రబ్బరు పడవలు పసివాళ్లకూ నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకూ పనికిరావు.

రేవు పక్కనే ఎక్కే మౌంట్ రాబర్ట్స్ ట్రామ్ 1996లో మొదలైంది. తీగపై సాగే ఈ పెట్టె సుమారు 1,800 అడుగుల ఎత్తుకు చేరుస్తుంది. దాని యాజమాన్యం గోల్డ్‌బెల్ట్ అనే స్థానిక తెగల సంస్థది. రేవు ఒడ్డున పాట్సీ ఆన్ అనే కుక్క విగ్రహం ఉంది. పుట్టు చెవిటిదైన ఈ బుల్ టెరియర్ 1930లలో వచ్చే ప్రతి ఓడకూ ముందుగానే రేవుకు వెళ్లి ఎదురుచూసేదని చెబుతారు. 1934లో నగర మేయరు దానికి అధికారిక స్వాగతకర్త హోదా ఇచ్చాడు. ఖర్చు లేని ఈ విగ్రహం దగ్గర పిల్లలు చాలాసేపే నిలబడతారు.

స్కాగ్వే

1896 ఆగస్టులో కెనడాలోని క్లాండైక్‌లో బంగారం దొరికిందన్న వార్త మరుసటి ఏడాది బయటికి పాకగానే వేలమంది స్కాగ్వేలో దిగారు. ఒక్కొక్కరు ఏడాదికి సరిపడా, దాదాపు ఒక టన్ను సరుకు తెచ్చుకుంటేగాని కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. ఆ బరువు మోస్తూ వైట్ పాస్ అనే కనుమ దారిలో చచ్చిపోయిన గుర్రాల సంఖ్యను సాధారణంగా 3,000గా రాస్తారు. అది అంచనాయే తప్ప ఎవరూ లెక్కించినది కాదు.

1898 మేలో పనులు మొదలైన వైట్ పాస్ అండ్ యూకాన్ రైలుమార్గం 1900 జులై 29న పూర్తయింది. మూడడుగుల గేజి పట్టాల మీద రైలు 20 మైళ్ల దూరంలోనే దాదాపు 2,900 అడుగుల ఎత్తుకు చేరుతుంది. గనులు మూతపడటంతో 1982లో ఆగిపోయిన ఈ రైలు 1988లో పర్యాటకుల కోసం మళ్లీ మొదలైంది. అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ కలిసి కూర్చోగలిగిన విహారం ఇన్‌సైడ్ పాసేజ్‌లో ఇంతకు మించింది లేదు. నడక లేదు, వానకు భయం లేదు, పెట్టెలోనే మరుగుదొడ్డి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే లోయ బాగా కనిపిస్తుంది. వైట్ పాస్ శిఖరం దాకా వెళ్లి దిగకుండా తిరిగొచ్చే రైలుకు పాస్‌పోర్టుతో సాధారణంగా పని ఉండదు. కెనడాలో దిగే రైళ్లకూ బస్సులకూ మాత్రం తప్పనిసరి.

కెచికాన్, హూనా, సిట్కా

కెచికాన్‌లో ఏడాదికి 380 సెంటీమీటర్లకు దగ్గరగా వాన పడుతుంది. కోస్తాంధ్రలో మంచి వానలు పడిన మూడేళ్లదంతా కలిపినా ఇంచుమించు అంతే. గొడుగు గాలికి నిలవదు, రెయిన్‌కోటు కావాలి.

ఈ ఊరి ప్రత్యేకత టోటెమ్ స్తంభాలు. 1976లో తెరిచిన టోటెమ్ హెరిటేజ్ సెంటర్‌లో పాడుబడ్డ గ్రామాల నుంచి తెచ్చిన పందొమ్మిదో శతాబ్దపు స్తంభాలను రంగులేమీ వేయకుండా అలాగే ఉంచారు. దగ్గర్లోని సాక్స్‌మన్ గ్రామంలో కొయ్య చెక్కే పనివాళ్లను పిల్లలు దగ్గరగా చూడవచ్చు. సాక్స్‌మన్‌లోనే లింకన్ స్తంభంగా పేరుపడిన దాని నకలు ఉంది. అమెరికా రాకతో బానిసత్వం పోయినందుకు కృతజ్ఞతగా లింకన్ బొమ్మ చెక్కించారన్నది పర్యాటకులకు చెప్పే కథ. తమ పూర్వికులు తెల్లవారిని మొదట చూసిన ఘటనను గుర్తుచేసుకునేందుకు కాకి వంశం వారు దాన్ని నిలిపారనీ, చెక్కినవారికి నమూనాగా దొరికిన బొమ్మ లింకన్‌ది కావడమే పేరుకు మూలమనీ ట్లింగిట్ వారి కథనం. వంశ చరిత్రను, గౌరవాన్ని చాటేందుకే స్తంభాలు ఎత్తే ఆచారంతో రెండో కథనమే ఎక్కువగా పొసుగుతుంది. పిల్లలకు రెండూ చెప్పి, ఏది ఎవరు చెప్పిందో కూడా చెప్పడం మంచిది.

హూనా దగ్గరి ఐసీ స్ట్రెయిట్ పాయింట్ రేవును 2004లో హునా టోటెమ్ అనే ట్లింగిట్ కార్పొరేషన్ ప్రారంభించింది. 1912 నాటి చేపల డబ్బాల కర్మాగారం ఇప్పుడు మ్యూజియం. హూనా ప్రజల పూర్వికులు గ్లేసియర్ బేలో ఉండేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో ముందుకు దూసుకొచ్చిన మంచు వారిని అక్కడి నుంచి తరిమింది. 2016లో గ్లేసియర్ బే లోపల వారి వంశాల సమావేశ గృహాన్ని మళ్లీ కట్టుకున్నారు. పెద్ద ఓడల ప్రయాణికులు జాతీయ పార్కైన గ్లేసియర్ బేలో దిగరు. వేసవిలో రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి ఉంటుంది. పార్కు రేంజర్లే ఓడ ఎక్కి పిల్లలకు జూనియర్ రేంజర్ పుస్తకాలిచ్చి, పూర్తి చేసిన వారికి బ్యాడ్జీలు ఇస్తారు.

సిట్కాలో గాయపడ్డ గద్దలకు వైద్యం చేసే రాప్టర్ సెంటర్, తల్లిని కోల్పోయిన ఎలుగులను పెంచే కేంద్రం ఉన్నాయి.

ఆకాశ విహారాలు

హెలికాప్టరులో హిమానీనదం మీద దిగడం, కుక్కలు లాగే బండి ఎక్కడం, నీటి విమానంలో కెచికాన్ దగ్గరి మిస్టీ ఫ్యోర్డ్స్ చూడటం ఎక్కువ ఖరీదైన విహారాలు. ఒక్కొక్కరికి వందల డాలర్లవుతాయి. మబ్బు దిగితే రద్దవుతాయి. 2015 జూన్ 25న కెచికాన్ దగ్గర నీటి విమానం కొండను ఢీకొని తొమ్మిది మంది, 2019 మే 13న రెండు నీటి విమానాలు ఆకాశంలో ఢీకొని ఆరుగురు చనిపోయారు. మొదటి ప్రమాదంలో సరిగా కనిపించని వాతావరణంలోనూ ప్రయాణం కొనసాగించడాన్ని దర్యాప్తు తప్పుపట్టింది. పైలట్ వద్దన్నా, మబ్బు ఉన్నా ఆ రోజుకు విమానం మానుకోవడమే సరైన నిర్ణయం. డబ్బు సాధారణంగా తిరిగి ఇస్తారు. నేల మీది కుక్కల శిబిరాల్లో చక్రాల బండి ఎక్కి, కుక్కపిల్లలను ఎత్తుకోవడం చిన్నపిల్లలకు సరిపోతుంది.

పత్రాలు, సమయం

సియాటిల్ పరిసరాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను ఈ యాత్రకు తీసుకెళ్లేవారు ఉన్నారు. వారికి చిక్కు వచ్చేది వీసా దగ్గర. 1886 నాటి చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్య తిరిగేటప్పుడు పరాయి దేశపు రేవు ఒకటి తాకాలి. అందుకే సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. కొవిడ్ కాలంలో, 2021లో మాత్రం ఈ నిబంధనకు తాత్కాలిక సడలింపు వచ్చింది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు విక్టోరియాలో దిగకపోయినా కెనడా వీసా ముందే తీసుకోవాలి. లేకుంటే సియాటిల్‌లోనే ఓడ ఎక్కనివ్వరు. తిరిగి రావడానికి అమెరికా వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి కెనడా వీసా అక్కర్లేదు.

ఓడ ద్వారా కొన్న విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయట సొంతంగా కుదుర్చుకుంటే ఆగదు, ధర మాత్రం తరచూ తగ్గుతుంది. మెండెన్‌హాల్‌కు బస్సులు విరివిగా ఉంటాయి కాబట్టి అక్కడికి సొంతంగా వెళ్లడం పెద్ద సాహసమేమీ కాదు. దూరపు విహారాలకు, కెనడాలోకి వెళ్లే వాటికి ఓడ వారివే మేలు. శాకాహారులు పులిహోరో చపాతీలో చేసుకుని తెచ్చుకుందామన్నా ఓడలో వంటకు వీలుండదు. ఒడ్డున దొరికేది ఎక్కువగా చేపే. ముందురోజే ఓడ భోజనశాలలో చెప్పుకోవాలి.

రద్దీ సంగతికి వస్తే, 2023లో జూనోకు సుమారు 16.5 లక్షల క్రూయిజ్ ప్రయాణికులు వచ్చారు. ఊరి జనాభా 32,000 లోపే. 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకే చోటిస్తున్నారు. శనివారాలు ఓడలే వద్దన్న ప్రతిపాదనను ఆ ఏడాది అక్టోబరులో ఓటర్లు తిరస్కరించారు. 2026 నుంచి ఓడల్లోని పడకల సంఖ్య ఆధారంగా మామూలు రోజుల్లో 16,000, శనివారం 12,000 పరిమితి పాటించేందుకు నగరం, క్రూయిజ్ సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి.